చంద్రుడి మీద బండల పని, వేంపల్లెలో పంచాయితీ

మా బేతంచెర్లలో కడప చూసినవాళ్లు తక్కువ. నంద్యాల చూస్తారు, కర్నూలు చూస్తారు, ఆస్పత్రి పని మీద హైదరాబాదు కూడా చూసొస్తారు. పనిగట్టుకుని కడపకు ఎవరు పోతారు? నేను పోయాను. మూడు రోజులు తిరిగి వచ్చాను. పోనివాళ్ల కోసం చెబుతున్నాను. నేను చెబుతుంటే రాస్తున్నది మా వీధి కిరాణా అంగడి సెట్టెమ్మ. ఆమె కూడా నా వెంట వచ్చింది కాబట్టి, ఆమె మీద నేను చెప్పే చాడీలు కూడా ఆమే రాసుకోవాలి. రాసిందో లేదో అచ్చయ్యాక ఇంకెవరి చేతనైనా చదివించుకుంటాను.

ఎందుకు పోయానో ముందు చెప్పాలి. నేను కథలు చెబుతాను. దేవుళ్లవి కాదు, రాజులవి కాదు. జరగనివి, ఎప్పటికైనా జరగబోయేవి. నాపరాతి గనిలో అడుగు బండ లేపితే కింద ఇంకో ఊరుంటుంది, అక్కడ జనం తలకిందులుగా నడుస్తుంటారు, మన నేల వాళ్లకు మిద్దె. అది నా మొదటి కథ. నిమ్మకాయంత సూర్యుణ్ణి డబ్బాలో దాచుకున్న ముసలమ్మది రెండోది. మా ఆయన పేరు మద్దిలేటి, బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని చేసేవాడు, ఏడు దాకా చదివాడు. నేను చెబుతుంటే నోటుబుక్కులో రాసి, కడపలో అచ్చయ్యే ఒక చిన్న మాసపత్రికకు పంపాడు. వేశారు. ఆరేళ్లలో పదకొండు కథలు వేశారు. కింద ‘సుంకమ్మ, బేతంచెర్ల’ అని నా పేరే. నా పేరు ఎట్లుంటుందో నేను అచ్చులో చూసే నేర్చుకున్నాను.

పన్నెండోది పెద్దది, నెలనెలా వచ్చేది. చంద్రుడి మీద ఊరు కడతారు. అక్కడ నేలంతా దుమ్ము. దుమ్ము లేవకుండా బండలు పరచాలి. బండలు పరచడానికి మా ఊరివాళ్లు కాక ఎవరు పోతారు? మేస్త్రీ గిడ్డయ్య, అతని పెళ్లాం రాములమ్మ గుత్తకు ఒప్పుకుని పోతారు. పద్నాలుగో నెలలో గిడ్డయ్య వీపు మీది గాలితిత్తికి చిల్లు పడింది. ‘ఇంకా ఉంది’ అని వేశారు. ఆ నెలలోనే మా ఆయన పోయాడు. రాతిదుమ్ము రొమ్ములో పేరుకుని రెండేళ్లు దగ్గాడు, చివరకు ఊపిరి అందలేదు.

తర్వాత ఐదు నెలలు సెట్టెమ్మను రాయడానికి కూర్చోబెట్టుకున్నాను. పది చదివింది, అక్షరాలు జొన్నగింజల్లా పడతాయి. కానీ నాకు కథ రాలేదు. ‘గిడ్డయ్య’ అంటాను, ఆగిపోతాను. ఇంతలో కడప నుంచి కార్డు వచ్చింది. ఉగాది సంచికకు అందకపోతే ముగింపు వేరే ఎవరిచేతనైనా రాయిస్తామని. సెట్టెమ్మ చదువుతుంటే నా చెవులు కాలాయి. గిడ్డయ్యను నేను కన్నాను, నేను చంద్రుడెక్కించాను. ఇప్పుడు ఎవరో ముక్కూమొహం తెలియనివాడు వచ్చి వాణ్ణి చంపుతాడా? నేనుండగా వాడికి గాలి అయిపోదు అనుకుని, మరుసటి రోజే బయల్దేరాం.

నంద్యాల

నంద్యాల దాకా ప్యాసింజరు బండి. టికెట్టు తొమ్మిది రూపాయలు. బోగీలో సగం మంది తల మీద తెల్లపొడి ఉంది, వాళ్లంతా మా ఊరివాళ్లే. నంద్యాలలో దిగగానే ఉగ్గాని వాసన తగిలింది. నానబెట్టిన బొరుగుల్లో పుట్నాలపొడి, పక్కన మిరపకాయ బజ్జీలు రెండు, పది రూపాయలు. సెట్టెమ్మ బయటి తిండి ముట్టనని ఇంటి నుంచి పులిహోర మోసుకొచ్చింది. నేను తినేది చూసి ఒక్క బజ్జీ అంది. తర్వాత ఇంకొకటి అంది. ఆ మిరపకాయ ఏ చేనుదో గానీ, ఆమెకు పట్టిన ఎక్కిళ్లు ఆళ్లగడ్డ దాటేదాకా పోలేదు. బస్సులో ప్రతి గుంతకూ ఒక ఎక్కిలి. (ఇది రాయనంటోంది. రాయక తప్పదన్నాను.)

మైదుకూరు దారి

చాగలమర్రి దగ్గర ఒక ముసలాయన మగ్గం చీరల మూట ఒళ్లో పెట్టుకుని మా పక్కన కూర్చున్నాడు. నేతపని చేసే ఇంటివాడు, వేళ్లకు రంగు ఇంకా వదల్లేదు. యాడికి పోతాండారని అడిగాడు. సెట్టెమ్మ కడపకు అంది. పనేందని అడిగాడు. నాకు దాపరికం చేతకాదు.

“మావోడు చంద్రుడి మీద ఇరుక్కున్యాడు తాతా. వాని సంగతి చూడల్ల.”

ఆయన నవ్వుతాడనుకున్నా. నవ్వలేదు. మూట సర్దుకుని, “మా వీదిలో ఇంటికొకరు కువైటులో ఉండారు పాపా. చంద్రుడంటే అంతకన్నా దూరమా?” అన్నాడు.

“శానా దూరం.”

“వీసాకు యెంత పెట్టినారు?”

వీసా లేదు, గుత్తకు పోయినాడని చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. గుత్తకు పోయినోళ్లకు పాస్‌పోర్టు కూడా చేతికియ్యరు, చూసుకోమన్నాడు. నేను చంద్రుడి మీద నీళ్లు దొరకవంటే, కువైటులోనూ దొరకవన్నాడు. చంద్రుడి మీద చెట్టు లేదంటే, కువైటులోనూ లేదన్నాడు. చివరకు నాకే అనుమానం వచ్చింది, నేను కథ చెప్పింది చంద్రుడి గురించా, కువైటు గురించా అని. దిగేటప్పుడు మాత్రం ఒక మాట అన్నాడు. ఎంత దూరం పోయినోడైనా రెండేండ్లకు ఒకసారి సెలవుకొస్తాడు, గుండె నిబ్బరం చేసుకోమని. అది నాకు బాగుంది.

మైదుకూరులో బస్సు ఆగింది. నేను కిటికీలోంచి బుడ్డలు ఎట్లా అని అడిగితే అమ్మే మనిషి నన్ను వింతగా చూసింది. గంప చూపిస్తే, అవి శెనక్కాయలంది. మా జిల్లా దాటితే గింజ పేరే మారిపోయింది. రుచి మాత్రం అదే, కొలతే కాస్త చిన్నది.

కడప, సత్రం

మా ఊళ్లో ఎండ బండల మీద నుంచి లేచి మొహాన కొడుతుంది. కడపలో ఎండకు దిక్కు లేదు, గోడ నీడలో నిలబడినా వచ్చి పట్టుకుంటుంది. సెట్టెమ్మ వాళ్ల కులంవాళ్ల సత్రం ఒకటి ఉందని పోయాం. అక్కడి గుమాస్తా పెద్ద పుస్తకం తెరిచి పేరు, ఊరు, గోత్రం అడిగాడు. సెట్టెమ్మ తనది చెప్పింది. తర్వాత నన్ను చూశాడు. నా మెడ, నా చేతులు చూస్తే నేను ఏ గోత్రానికీ చాలనని తెలిసిపోతుంది. సెట్టెమ్మ దర్జాగా, “ఈమె రచయిత్రి” అంది. ఆయన గోత్రం గడిలో ‘రచయిత్రి’ అని రాసుకుని తాళంచెవి ఇచ్చాడు. గది నలభై రూపాయలు. భోజనంలో ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు. రచయిత్రి గోత్రంవాళ్లకు అది తిండి కాదని, వీధి చివర పెనం దగ్గరకు పోయి కారం దోశ తిన్నాను. ఎనిమిది రూపాయలకు ఎర్రకారం, పుట్నాలపొడి, పైన ఉల్లిపాయలు చేతినిండా. సెట్టెమ్మ కాపలా ఉన్నట్టు పక్కన నిలబడింది. ఈసారి ఆశపడలేదు.

అచ్చాఫీసు

పత్రిక ఆఫీసు అంటే మేడ అనుకున్నాను. సందులో ఒక గది. ముందర పెళ్లి పత్రికలు, వెనకాల మా పత్రిక, మధ్యలో మిషను. ఎడిటరు మా ఆయన వయసువాడే, చొక్కా జేబు మీద ఎర్రసిరా మరక. నేను పేరు చెప్పగానే లేచి నిలబడ్డాడు. కుర్చీ వేశాడు. మద్దిలేటి సంగతి సెట్టెమ్మ చెబితే నిజంగానే బాధపడ్డాడు. తర్వాత చెక్కపెట్టె తెరిచి మా ఆయన పంపిన కట్టలన్నీ బల్ల మీద పెట్టాడు. ఒక్క కాగితం కూడా పారేయలేదు.

“అమ్మా, ఒగటి అడగాలని ఏడేండ్లుగా అనుకుంటాండా,” అన్నాడు. “రెండు మాటలకొక ఊ, రెండు మాటలకొక ఊ. ఇదేంది? కొట్టేసి కొట్టేసి నా సిరా అయిపాయ.”

కాగితం నా ముందు పెట్టాడు. నేను బడికి పోయింది కొన్ని రోజులే. అ ఆ ఇ ఈ ఉ ఊ దాకా వచ్చి, ఋ ను చూసి భయపడి మానేశాను. కాబట్టి ఊ నాకు బాగా తెలుసు. వేలు పెట్టి చూశాను. ఇక్కడొకటి, ఇక్కడొకటి, ప్రతి వరసలోనూ ఉంది, ప్రతిదాని మీదా ఎర్రగీత.

మీరు ఎక్కడివాళ్లో గానీ, మా వైపు ఎవరైనా కథ చెబుతుంటే వినేవాళ్లు ఊ కొట్టాలి. కొట్టకపోతే చెప్పేవాళ్లు ఆగిపోతారు. విననివాడికి చెప్పడం ఎందుకని. మా ఆయన నేను చెప్పేది రాస్తూ నోటితో ఊ అనేవాడు, అది నాకు తెలుసు. అన్నది అన్నట్టు చేత్తో కూడా రాసేవాడని అప్పుడే తెలిసింది. కథలో ఏది ఉంచాలో ఏది తీయాలో ఆయనకు ఎవరు చెప్పారు? గదిలో వినపడిందంతా కథే అనుకుని రాసి పంపాడు, పోస్టు ఖర్చు పెట్టి మరీ.

కట్టలు వరసగా తిప్పాను. మొదటివాటిలో ఊలు దట్టంగా ఉన్నాయి. చివరి కట్టలో పలచబడ్డాయి. ఒక పేజీలో ఒకటే ఉంది. సెట్టెమ్మ ముందు ఏడవడం నాకిష్టం లేదు. మిషను మోతకు తల నొస్తోందని చెప్పి సందులోకి వచ్చి నిలబడ్డాను. ఆమె నా వెనకే వచ్చింది. కోపమంతా ఆమె మీద పోశాను.

“ఐదు నెల్లు నోరు మూసుకోని రాస్తివే, చింతపండు బిల్లు రాసినట్ల.”

“ఊ కొట్టమని నువ్వు చెప్తివా సుంకక్కా?” అంది. “చదువుకున్నోళ్లు రాసేటప్పుడు మాట్లాడకూడదని నేను ఊపిరి కూడా బిగబట్టుకున్యా.”

అది నిజమే. పాపం, ఒక్కోసారి మొహం ఎర్రబడేది కూడా.

లోపలికి పోయి ఎడిటరును కథ నాకే వదలమన్నాను. ఆయన చేతులు నలుపుకున్నాడు. ఉగాది సంచిక సగం అచ్చెక్కిందట. ముగింపు రాయమని వేంపల్లెలో సైన్సు చెప్పే కాలేజీ సారుకు ఇచ్చేశాడట, ఆయన రాసేశాడట కూడా. “ఆయప్ప ఒప్పుకుంటే నాకు అభ్యంతరం లేదమ్మా. రేపు సాయంత్రానికి కాగితాలు నా చేతిలో ఉండాల. మీవైనా సరే, ఆయనవైనా సరే,” అన్నాడు.

వేంపల్లె బస్సు

మధ్యాహ్నం బస్సెక్కాం. ఇప్పుడు సెట్టెమ్మకు పట్టుదల వచ్చింది, ఊ కొడతాను చెప్పమంది. గిడ్డయ్య తిత్తిలో గాలి తగ్గిపోతోంది అన్నాను. “ఊ, ఇంకా?” అంది. రాములమ్మ దూరంగా ఉంది అన్నాను. “ఊ, ఇంకేం కావాల?” అంది. ముప్పై ఏళ్లు అంగట్లో కూర్చున్న నోరు అది. అరకేజీ కందిపప్పు అనబోయి తమాయించుకున్నాను. కథ అక్కడే ఆగింది.

ముందు సీటు మనిషి వెనక్కి తిరిగి, గాలి తగ్గింది ఎవరికని అడిగాడు. మెడలో పటం ఉన్న కార్డు వేలాడుతోంది. తుమ్మలపల్లెలో గని తవ్వుతున్నారు కదా, అందులో పని అట. నేను విషయం చెప్పాను. గనిలో దిగేవాడు కాబట్టి ఆయనకు ఆశ్చర్యం కలగలేదు. లోపలికి గాలి పంపే ఫ్యాను మా ఇంటంత ఉంటుందని, అది ఆగితే పని కూడా ఆగుతుందని, అందరినీ పైకి పిలుస్తారని చెప్పాడు. గాలి తక్కువైనప్పుడు మనిషి పరిగెత్తకూడదట. పరిగెత్తితే ఉన్నది కూడా తొందరగా అయిపోతుందట. కదలకుండా కూర్చోవాలట.

“ఎంతసేపు కూర్చోవాలప్పా?”

“ఎవురన్నా వచ్చేదాకా.”

“ఎవురూ రాకపోతే?”

ఆయన జేబులోంచి శెనక్కాయలు తీసి మా ఇద్దరికీ చెరో పిడికెడు పెట్టాడు.

వేంపల్లె, సారు ఇల్లు

సారు ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. ఆయన లేడు, భార్య ఉంది. నేను ఫలానా అనగానే, “మీరు గిడ్డయ్య వాళ్ల అమ్మా?” అంది. వాడు నాకంటే పదేళ్లు పెద్ద. అయినా ఔనన్నాను. పద్నాలుగు నెలల సంచికలూ ఆమె దగ్గర దారంతో కుట్టి ఉన్నాయి. సారు పొద్దుగూకే వేళకు వచ్చాడు. సన్నగా, నెమ్మదిగా ఉండే మనిషి. పోట్లాడదామని పోయినదాన్ని, ఆయన నా కాళ్లకు మొక్కబోయేసరికి ఏం చేయాలో తోచలేదు. రేపు పొద్దున చదివి వినిపిస్తాను, మీకు నచ్చకపోతే చింపేయండి అన్నాడు. పరాయి ఇంట్లో అంత నిద్ర నేనెప్పుడూ పోలేదు.

పొద్దున వంటింట్లో ఎసరు పెట్టారు. మేం జొన్నరొట్టె మనుషులం, వాళ్లు రాగిసంగటి మనుషులు. నలుగురికి సరిపడా సంగటి చేయాలంటే అంత లావు కట్టెతో కెలకాలి. సారు భార్య కుండను కాళ్ల మధ్య అదిమిపెట్టి కెలుకుతోంది. సారు గడప దగ్గర కుర్చీ వేసుకుని చదవడం మొదలుపెట్టాడు.

నాకు పోట్లాట ఉన్నా మర్యాద మర్యాదే. ఊ కొట్టాను. ఆయన తలెత్తి చూశాడు. ఆయన జన్మలో ఎవరూ ఊ కొట్టి ఉండరు, క్లాసులో పిల్లలు నిద్రపోవడమే చూసుంటాడు. గొంతు లేచింది. చేతులు ఆడాయి. గిడ్డయ్య కళ్లు మూతపడుతున్నాయి, ఊ. ఆకాశం నల్లగా తిరుగుతోంది, ఊ. అంతలో గిడ్డయ్య ఉలిక్కిపడి లేచాడు. చంద్రుడు లేడు, తిత్తి లేదు. నులకమంచం మీద చెమటలు పట్టి ఉన్నాడు. అదంతా కల.

నేను ఊ అనలేదు. ఆయన ఆగాడు. ఆ వాక్యమే మళ్లీ చదివాడు. నేను గోడ చూస్తున్నాను.

“నచ్చలేదా అమ్మా?”

“ఏం సారూ, పద్నాలుగు నెల్లు ఆయప్ప చంద్రుడి మీద బండలు మోస్తే, కల అని చెప్పి కూలి ఎగ్గొడతావా?”

వంటింట్లో కట్టె ఆగింది. ఆమె పైట అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. సారుకు కోపం రాలేదు. కాగితాలు ఒళ్లో పెట్టుకుని నిజం చెప్పాడు. “చంపడానికి మనసు రాలేదమ్మా. బతికించే దారి దొరకలేదు. చిల్లు ఎంతుందో మీరే రాసినారు కదా, లెక్కేసి చూసినా. నాలుగు నిమిషాలు. అంతకు మించి రాదు. మీరెట్ల బతికిస్తారో చెప్పండి, ఈ కాగితాలు నేనే పొయ్యిలో పెడతా.”

అదే కదా నేను వచ్చింది. సెట్టెమ్మ నోటుబుక్కు తెరిచింది. నేను గొంతు సవరించుకుని, గిడ్డయ్య పరిగెత్తాలనుకున్నాడు అన్నాను.

“ఊ,” అంది సారు భార్య పొయ్యి దగ్గర నుంచి.

కథ కదిలింది. ఐదు నెలల తర్వాత కదిలింది. పరిగెత్తకూడదని తెలిసి కూర్చున్నాడు. ఊ. రాములమ్మ వచ్చి చిల్లు మీద అరచెయ్యి పెట్టింది. ఊ. చెయ్యి చాల్లేదు. ఊ.

మా ఆయన ఊ నిదానం. పని చేసి వచ్చిన మనిషి, నేను మాట అన్నాక రాసుకుని, కాసేపాగి అనేవాడు. ఆ సందులో నేను గిడ్డయ్యకు ఒక తాడో, ఒక గుహో వెతికి ఇచ్చేదాన్ని. పద్నాలుగు నెలలు వాడు బతికింది ఆ సందుల్లోనే. ఈమె ఊకు సందు లేదు. సంగటి ఉండ కట్టకముందే కెలకాలి, అదే తొందరలో నా మాట పూర్తి కాకముందే ఊ అనేది. ఊ అంటే నేను ముందుకు పోవాలి. తాడు వెతికే తీరిక ఎక్కడిది? రాములమ్మ తన తిత్తి విప్పబోయింది, ఊ. గిడ్డయ్య ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు, ఊ. వద్దన్నట్టు తల ఊపాడు, ఊ.

“గాలి అయిపోయింది,” అన్నాను.

ఎవరూ ఊ అనలేదు. సెట్టెమ్మ కలం ఆగింది. నా మొహంలోకి చూసి, “అక్కా, ఇది రాయాల్నా?” అంది మెల్లగా.

బతికిస్తానని మూడు రోజులు బస్సులెక్కి వచ్చినదాన్ని. తిత్తికి ఇంకో తిత్తి తగిలించవచ్చు. చంద్రుడి మీద ఎవరైనా దేవుణ్ణి దింపవచ్చు. నా కథ, నా నోరు. కానీ ఇప్పుడు ఏం చెప్పినా అది నులకమంచం కథే అవుతుందని నాకు తెలిసిపోయింది.

“రాసుకో,” అన్నాను. “పోయినాడు.”

మా ఇంట్లో ఆ రోజు ఆ మాట అందరూ అన్నారు. నేను మాత్రం అనలేదు. వేంపల్లెలో అన్నాను.

సారు భార్య కుండ దించి వచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది. కంట్లో నీళ్లు తుడుచుకోకుండానే, “తర్వాత?” అంది. ఆ ఇంట్లో ఏడుపుకైనా కథ ఆగదు.

“తర్వాతేముండాది. రాములమ్మ ఒక్కతే మిగిలింది. పరచాల్సిన బండలు ఇంకా శానా ఉండాయి. బండ ఎత్తాలంటే ఆ పక్కొకరు ఈ పక్కొకరు ఉండల్ల. ఒక్కతే ఏం చేస్తాది? మూటాముల్లె సర్దుకోని కిందికొస్తాది.”

సారు అప్పటిదాకా తన కాగితాలనే చూస్తున్నాడు. తలెత్తి, “ఇద్దరు అక్కర్లేదమ్మా,” అన్నాడు. “చంద్రుడి మీద ఏ బరువైనా ఆరో వంతే. ఈడ అరవై కిలోల బండ ఆడ పది కిలోలే తూగుతాది. ఆయమ్మ ఒక్కతే ఎత్తుతాది.”

నేను నమ్మలేదు. “నిజమేనా? నన్ను ఓదార్చేకి చెప్తాండావా?”

“పిల్లోళ్లకు నేను చెప్పే పాఠమే అది.”

ఇంత మాట తెలిసినవాడు దాన్ని వదిలేసి నులకమంచం పట్టుకున్నాడు చూడండి. సంగటి మీద చెయ్యి కూడా పెట్టకుండా మిగతా కథ చెప్పాను. సారు భార్య ఊ కొట్టింది, మధ్యలో సారు కూడా కొట్టాడు, చివరికి సెట్టెమ్మ కూడా ‘ఇంకా’ లేకుండా ఒక ఊ కొట్టింది. మధ్యాహ్నం శెనక్కాయల ఊరుబిండి పచ్చడితో చల్లారిన సంగటి తిని, సాయంత్రానికి కడప చేరి ఆరు పేజీలూ ఎడిటరు చేతిలో పెట్టాం. సారు తన కాగితాలు మాట ప్రకారం పొయ్యిలోనే పెట్టాడు.

ఉగాది సంచికలో అది అచ్చయింది. గిడ్డయ్యను చంపానని తిడుతూ కార్డులు వస్తున్నాయి. సెట్టెమ్మ వాటిని అంగట్లో గొంతెత్తి చదువుతోంది. తిట్టినవాళ్లు చివరి వరసల దాకా చదివారో లేదో నాకు తెలియదు. రాములమ్మ మొదటి బండ కింద చేతులు పెడుతుంది. ఇన్నాళ్లూ ఆ పక్క గిడ్డయ్య పడుతుంటే, బండ తేలికంతా మొగుడి బలమే అనుకుంది. ఆరో వంతు సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు కదా, బేతంచెర్లలో పెట్టే బలమంతా పెట్టి ఎత్తుతుంది. బండ చేతుల్లోంచి జారి మిద్దెంత ఎత్తు లేస్తుంది. అది నిదానంగా కిందికి దిగొచ్చేదాకా రాములమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని, తలెత్తి చూస్తూ నిలబడుతుంది.